పోస్ట్‌గ్రెస్ 11 నుంచి 16కి మారాక బాండ్ స్క్రీన్‌కి 40 సెకన్లు పడుతోంది, సాయం చేయండి

గుంటూరు_గోపి
గుంటూరు చుట్టుపక్కల 22 మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో మేం రాసిన సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. డేటా అంతా ఒకే సర్వర్‌లో ఉంటుంది. ఇన్నాళ్లూ ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 18.04, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 11. రెండింటికీ 2023లోనే సపోర్ట్ అయిపోయింది. ఇంక ఆగకూడదని శనివారం రాత్రి కూర్చుని ముందు ఉబుంటుని 22.04 దాకా తెచ్చాం, తర్వాత పోస్ట్‌గ్రెస్‌ని 16కి మార్చాం. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మార్చే పీజీ అప్‌గ్రేడ్ ప్రోగ్రామ్‌ని లింక్ పద్ధతిలో నడిపితే చిటికెలో అయిపోయింది, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

సోమవారం పొద్దున ఎనిమిదికల్లా ఫోన్లు మొదలయ్యాయి. రైతు కోడ్ కొడితే అతని బాండ్లు (సరుకు పెట్టినందుకు ఇచ్చే రసీదులు), ఒక్కో బాండ్ కింద లోపలికొచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు), బయటికెళ్లిన టిక్కీలు చూపించే స్క్రీన్ ఒకటుంది. ఎంటర్ నొక్కి తలెత్తేలోపు వచ్చేది. ఇప్పుడు 40 సెకన్లు. 8 కోర్లూ 100 శాతం మీదే ఉన్నాయి. మధ్యాహ్నం ఒక స్టోరేజీకి వెళ్లి కౌంటర్ పక్కన నిలబడి చూశాను. ఒక పెద్దాయన కండువా కొసన ముడేసుకున్న బాండ్ కాగితం విప్పి ఇచ్చాడు. కౌంటర్‌లో అమ్మాయి మానిటర్ వైపు చూస్తోంది, ఆయన ఆ అమ్మాయి ముఖం వైపు చూస్తున్నాడు. "నా సరుకు ఉందా అమ్మా" అని రెండుసార్లు అడిగాడు. అది చూశాక నాకు అన్నం సహించలేదు.

బాండ్ల టేబుల్ 8 లక్షల వరుసలు, టిక్కీల రాకపోకల టేబుల్ 90 లక్షలు. 32 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ. కోడ్ ఒక్క లైన్ మార్చలేదు.

ఇంకొకటి, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు. ఒకచోట లాట్ నంబర్‌తో వెతికితే "లేదు" అని వచ్చిందట. నంబర్ తప్పు కొట్టి ఉంటారని వదిలేశాను.

నైట్‌షిఫ్ట్_రాజు
ర్యామ్ 64 చేసి షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ డేటా పెట్టుకునే మెమరీ) పెంచు బ్రో. మెమరీ తక్కువైనట్టుంది.

కమిట్_కుమార్
వెనక్కి వెళ్లిపోండి. 11 ఫోల్డర్ ఇంకా ఉంటుంది కదా, అది స్టార్ట్ చేసి సీజన్ అయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చు.

డీబీఏ_సుధ
కుమార్ గారూ, అది చేయించకండి. లింక్ పద్ధతిలో పాత ఫోల్డర్, కొత్త ఫోల్డర్ ఒకే ఫైళ్లను పంచుకుంటాయి. 16ని ఒక్కసారి స్టార్ట్ చేశాక 11ని లేపితే డేటా పాడవుతుంది. వెనక్కి వెళ్లే దారి అప్‌గ్రేడ్‌కి ముందు తీసిన బ్యాకప్ ఒక్కటే. సోమవారం 22 కౌంటర్లలో రాసినవన్నీ అందులో ఉండవు.

గోపి గారూ, ఏదీ మార్చకముందు ఒక పని చేయండి. ఆ స్క్రీన్ వెనక ఉన్న క్వెరీకి ముందు ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ బఫర్స్ పెట్టి నడిపితే క్వెరీని ఏ దారిలో నడిపిందో చూపించే ప్లాన్ వస్తుంది, అది ఇక్కడ పెట్టండి. ప్రతి వరుసలో అంచనా ఎంత, నిజంగా వచ్చింది ఎంత అన్నవి పక్కపక్కన ఉంటాయి. నాకు కావలసింది ఆ రెండు అంకెలే.

వరంగల్_వెంకీ
మిర్చి ఘాటు సర్వర్‌కి తగిలినట్టుంది 😄 సరదాకన్నాను గోపీ అన్నా, టెన్షన్ పడకు. సుధ గారు చూస్తున్నారంటే దారి దొరికినట్టే.

గుంటూరు_గోపి
నడిపాను. మొత్తం ప్లాన్ చాలా పొడుగుంది, ముఖ్యమైనది రాస్తున్నా.

బాండ్లలో రైతు కోడ్ వెతికే వరుస: అంచనా 4,000, నిజంగా వచ్చినవి 6.
దాన్ని రాకపోకల టేబుల్‌తో కలిపే చోట: అంచనా 18 కోట్లు, నిజంగా 71.
రాకపోకల టేబుల్ మొత్తం సీక్వెన్షియల్ స్కాన్, అంటే మొదటి నుంచి చివరిదాకా చదవడం. అక్కడ బాండ్ నంబర్ మీద ఇండెక్స్ (వెంటనే వెతికిపెట్టే సూచిక) ఉంది, దాన్ని తాకనే లేదు.

రాత్రి నేనొక్కడినే నడిపితే 6 సెకన్లు. పగలు అందరూ ఒకేసారి నొక్కితే అదే 40.

పాత_ఒరాకిల్
6 వరుసలకి 4,000 అని చెబుతోందంటే క్వెరీకి దారి ఎంచుకునే ఆప్టిమైజర్ కళ్లకి గంతలు ఉన్నాయన్నమాట. టేబుళ్లలో ఏముందో చెప్పే స్టాటిస్టిక్స్ లేవు. ఒరాకిల్ 10జీ వచ్చి రూల్ బేస్డ్ ఆప్టిమైజర్‌కి సపోర్ట్ పోయినప్పుడు ఇదే బొమ్మ చూశాం నాయనా. పేరు మారింది, జబ్బు అదే.

డీబీఏ_సుధ
పాత ఒరాకిల్ గారు సరిగ్గా పట్టుకున్నారు. ఆ 4,000 ఎక్కడ నుంచి వచ్చిందో చూడండి. 8 లక్షల్లో అర శాతం. ఒక కాలమ్ గురించి పోస్ట్‌గ్రెస్‌కి ఏమీ తెలియకపోతే, అందులో 200 వేర్వేరు విలువలు ఉంటాయని అనుకుంటుంది. 8 లక్షలను 200తో భాగిస్తే 4,000. ఇంత గుండ్రని అంకె కనిపించిందంటే అది కొలిచి చెప్పింది కాదు, గుడ్డిగా అనుకున్నది. రాకపోకల్లో కూడా అంతే, ఒక్కో బాండ్‌కి 45,000 వరుసలు ఉంటాయని అనుకుంది. 4,000 సార్లు 45,000, అదే మీ 18 కోట్లు. అన్ని వరుసలు వస్తాయనుకున్నాక ఇండెక్స్ ఎందుకు వాడుతుంది? టేబుల్ మొత్తం చదవడమే చవక అనుకుంది. తెలిసినంతలో దాని లెక్క సరైనదే.

పీజీ అప్‌గ్రేడ్ టేబుళ్లను తెస్తుంది, ఇండెక్స్‌లను తెస్తుంది. 17 దాకా ఆప్టిమైజర్ స్టాటిస్టిక్స్ మాత్రం తేదు. పని అయ్యాక స్క్రీన్ మీద చివర్లో ఆ సంగతి చెప్పి, నడపాల్సిన కమాండ్ కూడా ఇస్తుంది. అది నడిపారా?

గుంటూరు_గోపి
చివర్లో ఏదో వచ్చింది. అప్పటికి రాత్రి రెండున్నర. "అప్‌గ్రేడ్ కంప్లీట్" అన్న మాట చూసి విండో మూసేశాం.

లాగ్‌ఫైల్_లత
13 వరకూ దానికోసం ఒక స్క్రిప్ట్ ఫైల్‌ని తయారుచేసి ఫోల్డర్‌లో పెట్టేది, ఎప్పుడో ఒకప్పుడు కంటపడేది. 14 నుంచి ఆ ఫైల్ రావడం లేదు, ఆ రెండు లైన్ల మెసేజే. మా టీమ్‌లో కూడా ఇద్దరు అలాగే వదిలేశారు, మీరొక్కరే కాదు.

వరంగల్_వెంకీ
ఒక డౌట్. వెనక దానంతటదే నడిచే ఆటో వాక్యూమ్ ఉంది కదా, అదే ఎనలైజ్ చేసి స్టాటిస్టిక్స్ తయారుచేసుకోవాలి కదా? ఆదివారమంతా సర్వర్ ఖాళీగానే ఉంది.

డీబీఏ_సుధ
మంచి ప్రశ్న. ఆటో ఎనలైజ్ మొదలవ్వాలంటే టేబుల్‌లో పదో వంతు, ఇంకో 50 వరుసలు మారాలి. అప్‌గ్రేడ్‌తో ఆ మార్పుల లెక్క కూడా సున్నా అవుతుంది. ఆదివారం సర్వర్ ఖాళీగా ఉంది, వరుసలు మారలేదు కాబట్టి దానికి పని పడలేదు. ఏ టేబుల్ ఎప్పుడు సర్దుకుంటుందో చెప్పలేం. అందుకే "ఆగితే అదే సర్దుకుంటుంది" అన్న మాట నమ్మొద్దు.

గోపి గారూ, వాక్యూమ్‌డీబీకి ఆల్, ఎనలైజ్ ఇన్ స్టేజెస్ అన్న రెండు ఆప్షన్లు ఇచ్చి నడపండి. మూడు విడతల్లో చేస్తుంది. మొదటిది పైపైన, రెండోది కాస్త లోతుగా, మూడోది పూర్తిగా. మొదటి విడతకే కౌంటర్లకు ఊపిరి అందుతుంది. ఎవరినీ ఆపక్కర్లేదు, పగలే నడపవచ్చు.

నైట్‌షిఫ్ట్_రాజు
ఇదంతా సరే, నా మాట కూడా ఒకసారి చూడండి. 32 జీబీలో బఫర్స్‌కి ఎంత ఇచ్చారు?

డీబీఏ_సుధ
రాజు గారూ, అది తర్వాత చూద్దాం. ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

గుంటూరు_గోపి
నడిపాను. మొదటి విడత అవుతుండగానే సీపీయూ 100 నుంచి 30కి దిగింది. బాండ్ స్క్రీన్‌కి ఇప్పుడు సెకనులో పదో వంతు కూడా పట్టడం లేదు. ప్లాన్‌లో అంచనా 7, వచ్చినవి 6. కౌంటర్ నుంచి ఫోన్ చేసి "అన్నా, వచ్చేసింది" అన్నారు. సుధ గారూ, ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

కానీ ఇంకా రెండున్నాయి. వ్యాపారి వారీ నిల్వ చూపించే స్క్రీన్ ఇంతకుముందు సెకనులో మూడో వంతులో వచ్చేది, ఇప్పుడు 2 సెకన్లు దాటుతోంది. సాయంత్రం రిపోర్ట్ కూడా పాత లెక్కకి రెట్టింపు.

డాలస్_చందు
ఆ నిల్వ స్క్రీన్ ప్లాన్‌లో అన్నిటికంటే కింద జిట్ అని ఒక భాగం ఉందా? ఉంటే టైమింగ్ ఎంత?

గుంటూరు_గోపి
ఉంది. మొత్తం 2,140 మిల్లీ సెకన్లలో జిట్‌కి 1,790.

డాలస్_చందు
అనుకున్నాను. జిట్ 11లోనే వచ్చింది కానీ ఆఫ్‌లో ఉండేది. 12 నుంచి మామూలుగానే ఆన్. క్వెరీ ఖర్చు అంచనా లక్ష దాటితే, దాన్ని మెషిన్ కోడ్‌గా మార్చి నడపాలని చూస్తుంది. గంటసేపు నడిచే రిపోర్ట్‌కి అది లాభం. మూడో వంతు సెకన్లో అయ్యే పనికి వంట కంటే పొయ్యి రాజేయడానికే ఎక్కువ సేపు పట్టినట్టు అవుతుంది. ఇక్కడ మా ఆఫీసులో 14కి మారిన వారం ఇదే తలనొప్పి. కౌంటర్ స్క్రీన్లు వాడే యూజర్‌కి జిట్ ఆఫ్ చేసి, రిపోర్టుల యూజర్‌కి ఉంచాం.

నైట్‌షిఫ్ట్_రాజు
ఇప్పుడైనా చెప్పండి బ్రో. షేర్డ్ బఫర్స్ ఎంత?

గుంటూరు_గోపి
128 ఎంబీ.

నైట్‌షిఫ్ట్_రాజు
😳 32 జీబీ మెషిన్‌లో 128 ఎంబీ! చెప్పానా లేదా.

గుంటూరు_గోపి
పాత సర్వర్‌లో 8 జీబీ పెట్టాం, నాకు బాగా గుర్తు. ఇది ఎలా మారింది?

డీబీఏ_సుధ
రాజు గారు అడిగింది సరైన ప్రశ్నే, నేను వాయిదా వేశాను కానీ కొట్టేయలేదు. కొత్త క్లస్టర్ సెట్టింగ్స్ ఫైల్ కొత్తదే ఉంటుంది. పీజీ అప్‌గ్రేడ్ పాత ఫైల్‌ని తీసుకురాదు. అంటే మీరు ఏళ్ల తరబడి సర్దుకున్నవన్నీ మళ్లీ మొదటికి వచ్చాయి. పాత ఫైల్ తెరిచి, మీరు చేత్తో మార్చిన లైన్లు ఒక్కొక్కటిగా కొత్తదానితో పోల్చండి. ఫైల్ మొత్తం కాపీ చేయొద్దు, 11లో ఉన్న కొన్ని పేర్లు 16లో లేవు, స్టార్ట్ కాకుండా మొరాయిస్తుంది. వర్క్ మెమ్ (సార్ట్ లాంటి ఒక్కో పనికిచ్చే మెమరీ), రాండమ్ పేజ్ కాస్ట్ (డిస్క్‌లో అక్కడొకటి ఇక్కడొకటి చదివితే పడే ఖర్చు అంచనా) ఎంతున్నాయో ముఖ్యంగా చూడండి.

గుంటూరు_గోపి
వర్క్ మెమ్ 32 ఎంబీ ఉండేది, ఇప్పుడు 4. రాండమ్ పేజ్ కాస్ట్ 1.1 ఉండేది, ఇప్పుడు 4.

డాలస్_చందు
ఆ 4 పాత తిరిగే డిస్కుల కాలం లెక్క. ఎస్ఎస్‌డీ మీద 4 ఉంటే ఇండెక్స్ అంటే భయపడుతుంది, ఖర్చు అంచనా ఊరికే పెరుగుతుంది. మీ నిల్వ స్క్రీన్ లక్ష గీత దాటి జిట్‌లోకి వెళ్లడానికి అదే కారణం అయి ఉండొచ్చు. జిట్ ఆఫ్ చేయకముందు దీన్ని 1.1 చేసి చూడండి.

కమిట్_కుమార్
నేను ముందు తొందరపడి చెప్పాను, సుధ గారు ఆపడం మంచిదైంది. నా దగ్గర ఇంకో కేసు ఉంది, పనికొస్తుందని రాస్తున్నా. మేం 11 నుంచి 13కి వెళ్లినప్పుడు ఒకే ఒక్క క్వెరీ 3 సెకన్ల నుంచి 20 నిమిషాలకు పోయింది. ఎనలైజ్ చేశాం, సెట్టింగ్స్ సరే, జిట్ ఆఫ్. అయినా అంతే. అది విత్ అని మొదలయ్యే క్వెరీ. 11 వరకూ విత్ లోపలి భాగాన్ని విడిగా నడిపి, ఫలితం పక్కన పెట్టుకుని, తర్వాత మిగతాది చేసేది. 12 నుంచి, ఒక్కసారే వాడిన విత్‌ని బయటి క్వెరీలో కలిపేస్తుంది. చాలా వాటికి ఇది మేలే. మా సీనియర్ ఆ అడ్డుగోడ ఉంటుందన్న నమ్మకంతోనే ఆ క్వెరీ రాశారు. మెటీరియలైజ్డ్ అన్న ఒక్క మాట చేరిస్తే మళ్లీ 3 సెకన్లు. గోపి గారి సాయంత్రం రిపోర్ట్‌లో విత్ ఉందేమో చూడండి.

పాత_ఒరాకిల్
ఇంత చర్చలో ఎవరూ అడగని మాట ఒకటి. అప్‌గ్రేడ్‌కి ముందు ప్లాన్లు తీసి దాచుకున్నారా? పాత ప్లాన్ పక్కన ఉంటే ఈ రెండు రోజుల పని అరగంటలో అయ్యేది. మా రోజుల్లో ముఖ్యమైన ఇరవై క్వెరీల ప్లాన్లు ప్రింట్ తీసి ఫైల్ చేసేవాళ్లం. ఇప్పుడు ప్రింట్ అక్కర్లేదు, ఒక టెక్స్ట్ ఫైల్ చాలు.

లాగ్‌ఫైల్_లత
నాకు మాత్రం మొదటి పోస్ట్ చివర్లో మాట గుచ్చుకుంటోంది. లాట్ నంబర్ వెతికితే "లేదు" అన్నది. గోపి గారూ, మీ లాట్ నంబర్లు ఎలా ఉంటాయి? అందులో డాష్ ఉంటుందా? కాలమ్ టెక్స్టా, అంకెలా?

గుంటూరు_గోపి
టెక్స్ట్. డాష్ ఉంటుంది. 1214-60 అంటే లాట్ 1214, అందులో 60 టిక్కీలు. ఒకే నంబర్ రెండుసార్లు రాకుండా దాని మీద యూనిక్ ఇండెక్స్ ఉంది. నిన్నటి నుంచి ఇలా "లేదు" అన్న ఫోన్లు ఇంకో ఐదారు వచ్చాయి, వేగం బాగయ్యాక ఎక్కువయ్యాయి.

లాగ్‌ఫైల్_లత
అయితే మిగతా అన్నీ పక్కన పెట్టి ఇది చూడండి. మీరు పోస్ట్‌గ్రెస్ ఒక్కటే మార్చలేదు, ఉబుంటు కూడా మార్చారు. టెక్స్ట్‌లో ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుసని పోస్ట్‌గ్రెస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీని అడిగి తెలుసుకుంటుంది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఆ వరుస మారింది. ఉబుంటు 18.04లో ఉన్నది 2.27, 22.04లో 2.35. మీరు ఆ గీత దాటేశారు.

సర్వర్‌లో 1-1 ఒక లైన్, 11 ఒక లైన్ రాసి, ఇంగ్లిష్ యూఎస్ యూటీఎఫ్8 లొకేల్‌తో సార్ట్ కమాండ్‌కి ఇచ్చి చూడండి. పాత దాంట్లో 11 ముందు వచ్చేది. కొత్త దాంట్లో 1-1 ముందు వస్తుంది. మీ లాట్ నంబర్లన్నీ ఇదే తరహా.

ఇండెక్స్ పాత వరుసలో పేర్చి ఉంది, వెతికేది కొత్త వరుస ప్రకారం. అల్మారాలో ఫైళ్లు ఒక పద్ధతిలో సర్ది, తీసేవాడు ఇంకో పద్ధతిలో చూస్తే ఫైల్ అక్కడే ఉన్నా చేతికి దొరకదు. స్టాటిస్టిక్స్ లేనప్పుడు టేబుల్ మొత్తం చదివిన క్వెరీలకి నిదానంగానైనా దొరికి ఉంటుంది. ఇప్పుడు ఇండెక్స్ వాడుతోంది కాబట్టి "లేదు" ఎక్కువైంది.

దీనికంటే పెద్ద భయం ఇంకొకటి. ఉన్న లాట్‌ని లేదనుకుని కౌంటర్‌లో మళ్లీ ఎంటర్ చేస్తే, యూనిక్ ఇండెక్స్ కూడా దాన్ని ఆపలేదు.

డీబీఏ_సుధ
లత గారూ, ఇది నేను చూడలేదు. వేగం వెంట పడి ఆ లైన్ దాటేశాను. గోపి గారూ, ఇది నెమ్మది సమస్య కాదు, లెక్క తప్పే సమస్య. ఇండెక్స్‌ల వరుస సరిగా ఉందో చూసే ఆమ్‌చెక్ వెంటనే నడపండి, 14 నుంచి పీజీ ఆమ్‌చెక్ అని విడి ప్రోగ్రామే ఉంది. 11లో డేటాబేస్ తన కొలేషన్ (టెక్స్ట్ వరుస) వెర్షన్ రాసి పెట్టుకోదు, అందుకే మీకు ఏ హెచ్చరికా వచ్చి ఉండదు.

వరంగల్_వెంకీ
నేను వచ్చే నెల ఇదే పని చేయాలి, అచ్చం ఇదే 18.04 నుంచి 22.04కి. చెమటలు పట్టాయి. డేటా అంతా డంప్‌గా బయటికి తీసి కొత్త సర్వర్‌లో రీస్టోర్ చేస్తే ఈ బాధ ఉండదా?

లాగ్‌ఫైల్_లత
ఉండదు. రీస్టోర్‌లో ఇండెక్స్‌లు కొత్త మెషిన్ మీద కొత్తగా కడతారు. ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టు తెచ్చినప్పుడే ఈ ప్రమాదం. స్ట్రీమింగ్ రెప్లికాని (అసలు సర్వర్‌కి ఎప్పటికప్పుడు నడిచే నకలుని) కొత్త ఓఎస్ మీద పెట్టి దానికి మారినా ఇంతే.

గుంటూరు_గోపి
పీజీ ఆమ్‌చెక్ 4 ఇండెక్స్‌లు తప్పని చెప్పింది. లాట్ నంబర్, బాండ్ మీద రెఫరెన్స్ నంబర్, ఊరి పేరు, వ్యాపారి పేరు. నాలుగూ టెక్స్టే. అంకెల మీద ఉన్నవన్నీ బాగున్నాయి.

లాగ్‌ఫైల్_లత
ఇండెక్స్ మళ్లీ కట్టే రీఇండెక్స్‌కి ముందు డూప్లికేట్లు వెతకండి. ఇండెక్స్ స్కాన్, ఇండెక్స్ ఓన్లీ స్కాన్, బిట్‌మ్యాప్ స్కాన్ మూడూ ఆ సెషన్‌లో ఆఫ్ చేసి గ్రూప్ బై పెట్టండి, లేకపోతే పాడైన ఇండెక్స్‌నే అడిగి లెక్క చెబుతుంది. డూప్లికేట్లు ఉంటే యూనిక్ ఇండెక్స్ మళ్లీ కట్టడం ఫెయిల్ అవుతుంది.

గుంటూరు_గోపి
మూడు దొరికాయి. మూడూ సోమవారం మధ్యాహ్నం నుంచి ఈరోజు లోపు మళ్లీ ఎంటర్ చేసినవే. ఒకదాంట్లో పాత ఎంట్రీ 60 టిక్కీలు, కొత్త ఎంట్రీ 58.

పాత_ఒరాకిల్
తేదీ చూసి కొత్తది చెరిపేయడమే కదా.

లాగ్‌ఫైల్_లత
వద్దండీ. ఈ మధ్యలో రెండు టిక్కీలు బయటికి వెళ్లి ఉండొచ్చు, అది కొత్త ఎంట్రీ మీదే నమోదై ఉండొచ్చు. రైతు దగ్గరున్న కాగితం బాండ్, గేట్ పాస్ పుస్తకం చూడకుండా ఏదీ చెరపొద్దు. మిగతా మూడు ఇండెక్స్‌లు మాత్రం ఇప్పుడే రీఇండెక్స్ కన్‌కరెంట్లీ చేసేయండి, కౌంటర్లు ఆపక్కర్లేదు.

గుంటూరు_గోపి
రాత్రి పదకొండు. ఇప్పటికి ఇలా ఉంది.

రాండమ్ పేజ్ కాస్ట్ 1.1 చేస్తే నిల్వ స్క్రీన్ ఖర్చు లక్ష లోపుకి వచ్చింది, జిట్ దానంతటదే తప్పుకుంది. చందు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఆఫ్ చేయాల్సిన పనే పడలేదు. స్టోరేజీలు మూశాక బఫర్స్ 8 జీబీ చేసి రీస్టార్ట్ ఇచ్చాను, వర్క్ మెమ్ 32. సాయంత్రం రిపోర్ట్ పాత టైమ్‌కి వచ్చింది, అందులో విత్ లేదు. మూడు ఇండెక్స్‌లు అయ్యాయి, పీజీ ఆమ్‌చెక్ మళ్లీ నడిపితే లాట్ నంబర్ ఒక్కటే మిగిలింది. అది సరయ్యేదాకా లాట్ వెతికే స్క్రీన్‌లో ఇండెక్స్ వాడకుండా చేశాను, 2 సెకన్లు పడుతోంది, కానీ ఉన్నది ఉన్నట్టు చూపిస్తోంది. కొత్త లాట్ ఎంట్రీ చేసేముందు కూడా అదే పద్ధతిలో వెతికి చూస్తోంది. పాత ఒరాకిల్ గారూ, ఇరవై క్వెరీల ప్లాన్లు ఫైల్‌లో పెట్టాను.

వరంగల్_వెంకీ
అన్నా, సూపర్. నేను డంప్, రీస్టోర్ దారిలోనే వెళ్తా. సుధ గారూ, నేరుగా 18కి వెళ్తే స్టాటిస్టిక్స్ కూడా వచ్చేస్తాయన్నారు కదా?

డీబీఏ_సుధ
పీజీ అప్‌గ్రేడ్‌తో వెళ్తే వస్తాయి. క్రియేట్ స్టాటిస్టిక్స్‌తో మీరు విడిగా చేసుకున్నవి మాత్రం 18లో కూడా రావు, వాటికి ఎనలైజ్ కావాలి. మీరు చేసేది డంప్ కాబట్టి, రీస్టోర్ అవగానే ఎలాగూ ఎనలైజ్ నడపండి. మర్చిపోకుండా దాన్ని రీస్టోర్ స్క్రిప్ట్‌లోనే చివరి లైన్‌గా పెట్టండి.

లాగ్‌ఫైల్_లత
గోపి గారూ, ఆ మూడు లాట్ల సంగతి?

గుంటూరు_గోపి
ముగ్గురు రైతులకీ ఫోన్ చేశాం. ఇద్దరు రేపు పొద్దున బాండ్ కాగితాలు తీసుకుని వస్తామన్నారు. 60, 58 తేడా వచ్చిన లాట్ ఆయనకి కోతలు నడుస్తున్నాయట, రాలేనన్నాడు. గేట్ పాస్ పుస్తకం పట్టుకుని నేనే వాళ్ల ఊరు వెళ్తున్నాను.